అద్దె ఇంటి నిర్వహణ: తరచుగా అడిగే ప్రశ్నలు

అద్దె ఇంట్లో ఉండేవారికి వచ్చే సందేహాలు ఎక్కడైనా దాదాపు ఒకటే. కారే కుళాయిని ఎవరు బాగుచేయించాలి, గోడ మీది బూజుకు బాధ్యులెవరు, డిపాజిట్‌లో ఎందుకు కోత పడింది అని మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంటారు. అందుకే జవాబులను ఒకచోట చేర్చాను. ఇల్లు వెతకడం మొదలు తాళాలు అప్పగించేదాకా దశలవారీగా ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. అద్దె చట్టాలు ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి గడువులు, పరిమితుల విషయంలో మీ ప్రాంతపు నిబంధనలే ప్రమాణం.

## ఇల్లు ఖాయం చేసుకునే ముందు

ఇల్లు చూడటానికి వెళ్తున్నాను. గదులు, వెలుతురు కాకుండా ఇంకా ఏమేమి చూడాలి?

కంటితో చూసేవాటికంటే చేత్తో తిప్పి చూడవలసినవే ఎక్కువ. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి ధార ఎంత తగ్గుతుందో చూడండి. ఫ్లష్ నొక్కి, ట్యాంకు నిండాక నీటి చప్పుడు ఆగుతోందో లేదో వినండి. సింకు కింది అర తెరిచి అడుగు చెక్కను తాకండి. అది ఉబ్బినా, మెత్తబడినా అక్కడ చాలాకాలంగా నీళ్ళు కారుతున్నట్టే. కిటికీలు తెరిచి మూయండి, గడియలు వేసి తీయండి. బీరువాల వెనక గోడలు, పైకప్పు మూలలు చూడండి. ఒక్క గోడకే కొత్తగా రంగు వేసి ఉంటే కారణం అడగండి. చెమ్మ మరకను కప్పడానికి చాలామంది ఎంచుకునే దారి అదే. వీలైతే పగలు ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్ళండి. ప్రస్తుతం ఉంటున్నవారు ఎదురైతే, ఈ ఇంట్లో మీకు బాగా ఇబ్బంది పెట్టినది ఏమిటని అడగండి. ఆ జవాబు మీ సొంత పరిశీలన అంతటికంటే విలువైనది కావచ్చు.

ఒప్పంద పత్రంలో ముఖ్యంగా ఏం చదవాలి?

అద్దె ఎంత, ఏ తేదీకి కట్టాలి అన్నవి అందరూ చదువుతారు. గొడవలు వచ్చేది మాత్రం వేరే చోట్ల. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, ఏయే కారణాలకు అందులోంచి మినహాయిస్తారు, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, గడువుకు ముందే వెళ్ళిపోతే ఏమవుతుంది, అద్దె ఎప్పుడు పెంచుతారు, ఉమ్మడి ఖర్చులు ఎవరివి అన్నవి ఒక్కొక్కటీ చూసుకోండి. "చిన్న మరమ్మతులు అద్దెదారువే" అని మాత్రమే ఉంటే, చిన్న అంటే ఎంత ఖర్చు వరకో అంకె రాయించండి. ఇంటితోపాటు ఇచ్చే సామాను జాబితా పత్రంలో భాగంగా ఉండాలి. ఖాళీలు వదిలేసిన పత్రం మీద సంతకం చేయకండి. సంతకాలైన ప్రతి ఒకటి మీ దగ్గర ఉండాలి.

యజమాని మంచివారు, నోటిమాట చాలంటున్నారు. రాసుకుందామంటే అనుమానించినట్టు కాదా?

కాదు. మంచివాళ్ళ మధ్య కూడా రాత అవసరమే, ఎందుకంటే ఏడాది గడిచాక ఒకే మాట ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటుంది. యజమాని ఇల్లు అమ్మవచ్చు, బాధ్యత వారసుల చేతికి వెళ్ళవచ్చు. అప్పుడు నోటిమాటకు సాక్షి ఎవరూ ఉండరు. అడగడానికి మొహమాటంగా ఉంటే, మాట్లాడిన రోజే "మనం అనుకున్నవి ఇవి" అంటూ ఫోనులో సందేశం పంపి, సరేనన్న జవాబు తెప్పించుకోండి. పూర్తి ఒప్పందంతో అది సమానం కాదు గాని, ఏమీ లేకపోవడం కంటే ఎంతో నయం.

కొన్ని వస్తువులు పాడై ఉన్నాయి. "మీరు దిగాక చేయిస్తాం" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

దిగకముందు మీ మాటకున్న బలం దిగాక ఉండదు. ఏవి బాగుచేయాలో, ఏ తేదీలోగా చేయాలో పత్రంలోనే రాయించండి. తాళం, గ్యాస్, కరెంటు, నీళ్ళకు సంబంధించినవైతే దిగే ముందే పూర్తి కావాలని పట్టుబట్టండి.

## దిగిన తొలి రోజుల్లో

ఇంటి ఫొటోలు తీసి పెట్టుకోమంటారు. ఎలా తీయాలి?

సామాను లోపలికి రాకముందే తీయాలి. తలుపు దగ్గర మొదలుపెట్టి ప్రతి గదినీ నాలుగు మూలల నుంచీ తీయండి. తర్వాత లోపాలకు దగ్గరగా వెళ్ళండి. గీతలు పడ్డ నేల, పగిలిన టైలు, రంగు లేచిన గోడ, మరకపడ్డ సింకు, వదులైన గడియ, ఇలా ఏదీ వదలకండి. ఒక్కో లోపానికి రెండు ఫొటోలు కావాలి. ఒకటి ఆ లోపం గదిలో ఎక్కడుందో చూపేది, రెండోది దాని పరిమాణం తెలిసేలా పక్కన తాళంచెవి వంటి వస్తువు పెట్టి తీసినది. కుళాయి తిప్పినప్పుడు ధార, స్విచ్ వేసినప్పుడు దీపం, పొయ్యి మంట వంటివాటికి వీడియో నయం. కరెంటు, నీళ్ళు, గ్యాస్ మీటర్ల అంకెలు కూడా అందులో ఉండాలి. అన్నీ అయ్యాక వాటిని ఫోనులోనే ఉంచుకోకుండా అదే వారంలో యజమానికి పంపండి. పంపిన తేదీ కనిపించే చోట ఉన్న ఫొటోకు ఉండే విలువ, మీ దగ్గర మాత్రమే ఉన్న ఫొటోకు ఉండదు.

దిగగానే ఇంటి గురించి తప్పనిసరిగా తెలుసుకోవలసినవి ఏమిటి?

మూడు చోట్లు తెలిసి ఉండాలి. ఇంటికంతటికీ నీళ్ళు ఆపే మెయిన్ వాల్వ్, కరెంటు మొత్తం ఆపే మెయిన్ స్విచ్, గ్యాస్ ఆపే వాల్వ్. అవి ఎక్కడున్నాయో యజమానిని అడిగి, ఇంట్లో ఉండే ప్రతి పెద్దవారి చేతా ఒకసారి తిప్పించి చూడండి. గొట్టం పగిలి గది నిండుతున్నప్పుడు వాల్వ్ కోసం వెతకడం మొదలుపెడితే, ప్లంబర్ వచ్చేలోపే నష్టమంతా జరిగిపోతుంది. చాలా ఏళ్ళుగా కదలని వాల్వ్ బిగుసుకుపోయి ఉండవచ్చు. బలవంతంగా తిప్పి విరగ్గొట్టకుండా యజమానికి చెప్పి మార్పించండి. స్విచ్‌బోర్డులోని ఏ బ్రేకరు ఏ గదిదో చిన్న చీటీ మీద రాసి అక్కడే అంటించండి.

పాత అద్దెదారుల దగ్గర తాళంచెవులు ఉండిపోయి ఉంటే? తాళం మార్చుకోవచ్చా?

ఆ భయంలో న్యాయం ఉంది. యజమానికి చెప్పి, ఆయన ఒప్పుకుంటే మార్చుకోండి. చాలాచోట్ల కొత్త తాళంచెవి ఒకటి యజమానికి ఇవ్వవలసి ఉంటుంది. పాత తాళాన్ని పారేయకండి, ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ బిగించమనవచ్చు.

గోడలకు మేకులు కొట్టవచ్చా? రంగు మార్చుకోవచ్చా?

అడిగి చేయండి. నాలుగు చిన్న మేకులకు అభ్యంతరం చెప్పేవారు తక్కువ, చెప్పకుండా బిగించిన పెద్ద అరలకు డబ్బు కోసేవారు ఎక్కువ. స్విచ్‌లకు నేరుగా పైనా కిందా, కుళాయిలకు నేరుగా పైనా కిందా డ్రిల్లు పెట్టకండి. తీగలు, గొట్టాలు సాధారణంగా ఆ దారిలోనే వెళ్తాయి. అంటించే కొక్కేలు వాడితే వాటి మీద రాసి ఉన్న బరువును మించకండి. తీసేటప్పుడు పట్టీని గోడ వెంబడే మెల్లగా కిందికి లాగాలి. మీ వైపుకు లాగితే రంగు ఊడివస్తుంది. పాతకాలపు ఇళ్ళ రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, పొట్టు లేస్తున్న పాత రంగును ఉప్పుకాగితంతో పొడిగా రుద్దకండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ దుమ్ము చాలా ప్రమాదం.

ఇంటికి యజమాని బీమా చేయించారట. నా సామానుకు కూడా అది వర్తిస్తుందా?

సాధారణంగా వర్తించదు. ఆయన బీమా కట్టడానికి, ఆయన సామానుకు మాత్రమే. అగ్నిప్రమాదంలోనో దొంగతనంలోనో మీ వస్తువులు పోతే పరిహారం రావాలంటే అద్దెదారుల బీమా వేరుగా తీసుకోవాలి.

## నీళ్ళు, తూములు

కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఇంత చిన్నదానికి యజమానికి చెప్పాలా?

చెప్పండి. సెకనుకు ఒక చుక్క చొప్పున కారినా రోజుకు సుమారు 20 లీటర్లు పోతాయి. చాలాసార్లు లోపలి రబ్బరు వాషర్ అరగడమే కారణం. దాన్ని మార్చడం తేలిక, ఖర్చు తక్కువ. మీరే మార్చుకోదలిస్తే ముందు వాల్వ్ కట్టేసి, తూముకు గుడ్డ అడ్డం పెట్టి విప్పండి, లేకపోతే మరలు అందులో పడిపోతాయి. గోడలోంచి గాని, గొట్టాల అతుకుల నుంచి గాని కారుతుంటే మాత్రం చేయి పెట్టకుండా ఆ రోజే కబురు చేయండి.

నీటి వాడకం పెరగలేదు, బిల్లు మాత్రం బాగా పెరిగింది. ఎక్కడ పోతున్నాయో ఎలా కనిపెట్టాలి?

ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి మీటరు అంకె రాసుకోండి. రెండు గంటలు చుక్క నీరు వాడకుండా మళ్ళీ చూడండి. అంకె మారితే ఎక్కడో కారుతోంది. మొదట అనుమానించవలసింది ఫ్లష్ ట్యాంకునే. ట్యాంకు నీళ్ళలో ఆహారానికి వాడే రంగు కొన్ని చుక్కలు వేసి, అరగంట ఫ్లష్ నొక్కకుండా ఉండండి. కింది గిన్నెలో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు మూత సరిగా కూర్చోవడం లేదన్నమాట. రంగు రాకపోతే గోడల్లోనో నేల కిందనో ఉన్న గొట్టాన్ని అనుమానించాలి. అది యజమాని పిలిపించవలసిన పని. రెండు మీటరు అంకెల ఫొటోలు, మధ్యలో గడిచిన సమయం జతచేస్తే మీ మాటను ఎవరూ తోసిపుచ్చలేరు.

సింకులో నీళ్ళు నెమ్మదిగా దిగుతున్నాయి. మందు పోస్తే సరిపోతుందా?

మందు చివరి దారి కావాలి. వంటగదిలో అడ్డుపడేది చల్లారి గడ్డకట్టిన జిడ్డు, బాత్రూములో వెంట్రుకలు, సబ్బు. ముందు జాలీ తీసి చేతికందినంత లాగేయండి. తర్వాత రబ్బరు పంపు వాడండి. దాని అంచు మునిగేంత నీళ్ళు ఉండాలి, సింకు నిండి పొంగకుండా పక్కన ఉండే రంధ్రాన్ని తడిగుడ్డతో మూయాలి, అప్పుడే ఒత్తిడి కుదురుతుంది. సింకు కింద వంపు తిరిగిన గొట్టాన్ని బకెట్ పెట్టి విప్పి కడిగితే చాలావరకు సరిపోతుంది. ఘాటైన క్షారపు మందులు చర్మాన్ని, కళ్ళను కాలుస్తాయి. పాత గొట్టాలనూ దెబ్బతీస్తాయి. మందు పోసి పని జరగకపోతే తర్వాత వచ్చే ప్లంబర్‌కు ఆ సంగతి తప్పకుండా చెప్పండి. ఇంట్లోని తూములన్నీ ఒకేసారి నెమ్మదిస్తే లోపం మీ సింకులో లేదు, ప్రధాన మురుగు గొట్టంలో ఉంది.

వాడని బాత్రూములోంచి మురుగు వాసన వస్తోంది, ఎంత కడిగినా పోవడం లేదు. ఎందుకు?

తూము కింది వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉంటుంది. మురుగు వాయువును పైకి రాకుండా ఆపేది ఆ నీరే. వారాల తరబడి వాడకపోతే అది ఆవిరైపోయి దారి తెరుచుకుంటుంది. ఒక చెంబు నీళ్ళు పోయండి. వాసన పోతే ఇకనుంచి వారానికోసారి పోస్తూ ఉండండి. పోకపోతే వంపు దగ్గర పగులు ఉండవచ్చు.

కుళాయిల మీద తెల్లటి పెచ్చు కట్టింది. దేనితో పోతుంది?

అది గట్టినీటిలోని కాల్షియం కార్బొనేట్. వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచి, రుద్ది కడిగేయండి. పాలరాయి మీద మాత్రం వెనిగర్ గాని, నిమ్మరసం గాని పడనివ్వకండి. పాలరాయి కూడా అదే పదార్థం, మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి. బ్లీచింగ్ ద్రవాన్ని వెనిగర్‌తోనో, ఆమ్లం ఉన్న మరుగుదొడ్డి ద్రవంతోనో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియా ఉన్న ద్రవంతో కలిపినా విషవాయువే. రెండు శుభ్రపరిచే ద్రవాలను ఎప్పుడూ కలపకండి.

## చెమ్మ, బూజు

గోడ మీద నల్లటి బూజు వస్తోంది. కిటికీలు తెరవకపోవడం వల్లేనని యజమాని అంటున్నారు, ఇంట్లో లోపం ఉందని నేను అంటున్నాను. తేల్చేది ఎలా?

అద్దె ఇళ్ళలో ఇంత తరచుగా వచ్చే వివాదం మరొకటి లేదనుకుంటాను. ఇద్దరి మాటా నిజమయ్యే అవకాశం ఉంది కాబట్టి పరీక్షించి చూడటమే దారి.

చెమ్మ మూడు రకాలు. గదిలోని తేమ గాలి చల్లటి గోడకు తగిలి నీరుగా మారడం మొదటిది. ఇది గది మూలల్లో, కిటికీ అంచుల్లో, బీరువాల వెనక కనిపిస్తుంది. చలికాలంలో పెరుగుతుంది. పైకప్పు, గొట్టం, కిటికీ చట్రం వంటిచోట్ల నీరు చొరబడటం రెండోది. దీని మరక అంచు పసుపు గోధుమ రంగులో వలయంలా ఉంటుంది, వాన పడినప్పుడో పైఅంతస్తు వారు నీళ్ళు వాడినప్పుడో పెద్దదవుతుంది. నేలలోని తడి గోడలోకి పాకడం మూడోది. కింది అంతస్తులో నేల దగ్గర మొదలై సుమారు మీటరు ఎత్తు వరకు పట్టీలా ఉంటుంది, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది.

సందేహంగా ఉంటే గోడను తుడిచి ఆరబెట్టి, ఒక చదరపు అల్యూమినియం రేకుకు నాలుగు అంచులా టేపు వేసి గాలి చొరకుండా అంటించండి. రెండు రోజుల తర్వాత రేకు పైభాగం తడిగా ఉంటే తేమ గదిలోది. రేకు వెనక తడిగా ఉంటే గోడలోంచి వస్తోంది. దాంతోపాటు తేమను కొలిచే చిన్న పరికరం గదిలో పెట్టి కొన్ని రోజులు రాసుకోండి. సాపేక్ష తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మేలు, 60 శాతం దాటితే బూజుకు అనుకూలం. రోజూ కిటికీలు తెరుస్తున్నా, తేమ అంకె మామూలుగానే ఉన్నా ఒక్క గోడే తడుస్తుంటే లోపం కట్టడంలో ఉందని చెప్పడానికి మీ చేతిలో ఆధారం ఉన్నట్టే.

బూజును నేనే తుడుచుకోవచ్చా?

చదరపు మీటరుకు మించని మచ్చైతే తుడుచుకోవచ్చు. మాస్కు, చేతితొడుగులు వేసుకుని కిటికీ తెరిచి, డిటర్జెంటు కలిపిన నీళ్ళతో తుడిచి పూర్తిగా ఆరబెట్టండి. పొడి చీపురుతో దులపకండి, బీజాలు గదంతా ఎగురుతాయి. రంధ్రాలున్న చెక్క, పరుపు, జిప్సం పలకల్లోకి దిగిన బూజు పైపైన తుడిస్తే పోదు. ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు ఈ పని అప్పగించవద్దు. తుడవడానికి ముందు ఫొటో తీయడం మరవకండి. బూజు మీద రంగు వేయడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు, తడి ఆగేదాకా అది తిరిగి వస్తూనే ఉంటుంది.

చెమ్మ రాకుండా రోజూ నేను చేయగలిగినది ఏమిటి?

వంట, స్నానం, ఆరేసిన బట్టలు, ఈ మూడే ఇంట్లో తేమను ఎక్కువగా పెంచుతాయి. వండేటప్పుడు గిన్నెలపై మూతలు పెట్టండి, గాలి బయటికి పంపే ఫ్యాను స్నానం ముగిశాక కూడా పావుగంట తిరగనివ్వండి. బట్టలు లోపల ఆరేయక తప్పకపోతే ఒకే గదిలో ఆరేసి, దాని తలుపు మూసి కిటికీ తెరవండి. బీరువాలను బయటి గోడకు ఆనించకుండా కనీసం అయిదు సెంటీమీటర్లు జరపండి. ఎప్పుడైనా నేల, పరుపులు తడిస్తే 24 నుంచి 48 గంటల్లోపు ఆరిపోయేలా చూడండి. అది దాటితే బూజు మొదలవుతుంది.

## కరెంటు, గ్యాస్, వేడి నీళ్ళు

బ్రేకరు పదే పదే పడిపోతోంది. పెద్దది పెట్టించవచ్చా?

పెట్టించకూడదు. గోడలోని తీగ ఎంత భారం మోయగలదో చూసి దానికి తగ్గ బ్రేకరు పెడతారు. పెద్దది పెడితే బ్రేకరు పడదు, తీగ కాలుతుంది. ఆ గదిలోని ప్లగ్గులన్నీ తీసి, బ్రేకరు ఎత్తి, ఒక్కొక్క పరికరమే పెట్టి చూడండి. ఒకటి పెట్టగానే పడితే లోపం దానిదే. ఏమీ పెట్టకుండానే పడితే వైరింగుది, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించమని యజమానికి చెప్పాలి. స్విచ్‌బోర్డు వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా, ప్లగ్గు చుట్టూ నల్లబడినా మెయిన్ ఆపేసి వెంటనే కబురు చేయండి. షాక్ కొట్టకుండా కాపాడే పరికరం బోర్డులో ఉంటే, దాని మీది పరీక్ష బొత్తాన్ని అప్పుడప్పుడు నొక్కి చూడండి. నొక్కగానే పడిపోవాలి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఎన్ని పరికరాలు పెట్టవచ్చు?

లెక్క పరికరాలది కాదు, వాట్లది. 10 ఆంపియర్ల బోర్డు 230 వోల్టుల సరఫరాలో 2300 వాట్లు మోయగలదు. 2000 వాట్ల హీటరు ఒక్కటే దాన్ని దాదాపు నింపేస్తుంది. వేడి పుట్టించే పరికరాలను గోడ ప్లగ్గులోనే పెట్టండి. ఒక బోర్డులో మరో బోర్డు గుచ్చకండి, తీగను చుట్టగా వదిలేయకండి, తివాచీ కింద నడపకండి.

గ్యాస్ వాసన వస్తే మొదట ఏం చేయాలి?

స్విచ్ వేయకండి, వేసి ఉన్నది ఆపకండి. రెండింట్లోనూ నిప్పురవ్వ పుడుతుంది. అగ్గిపుల్ల, ఫోను కూడా వద్దు. వాల్వ్ అందుబాటులో ఉంటే కట్టేసి, తలుపులు కిటికీలు తెరిచి, అందరినీ బయటికి తీసుకెళ్ళి, బయటి నుంచే గ్యాస్ అత్యవసర విభాగానికి ఫోను చేయండి. సిలిండర్లలోని ఎల్‌పీజీ గాలికంటే బరువైనది కాబట్టి నేల మీద పేరుకుంటుంది, గొట్టాల్లో వచ్చే సహజవాయువు పైకి లేస్తుంది. లీకు లేకపోయినా పొయ్యి మంట నీలంగా కాక పసుపుగా ఉంటే గ్యాస్ సరిగా మండడం లేదని అర్థం. దానివల్ల పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. గ్యాస్ గీజరు ఉన్న బాత్రూముకు గాలి ఆడే దారి లేకపోతే దాన్ని వాడకండి. ఈ విషయంలో మొహమాటపడవద్దు, యజమాని ఏమనుకున్నా సరే.

నీళ్ళు వేడిచేసే ట్యాంకును ఎన్ని డిగ్రీల దగ్గర ఉంచాలి?

ట్యాంకులో 60 డిగ్రీల సెల్సియస్ మంచిది. గోరువెచ్చటి నిల్వ నీటిలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. అయితే 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది, పిల్లలు, వృద్ధులు ఉంటే చన్నీళ్ళు కలిశాకే కుళాయిలోంచి వచ్చే ఏర్పాటు అడగండి.

పొగను పసిగట్టే అలారం కూతపెడుతోంది. తీసి పక్కన పెట్టవచ్చా?

వద్దు. ఆగి ఆగి కూస్తే బ్యాటరీ అయిపోవచ్చిందని అర్థం, మార్చండి. నెలకోసారి బొత్తం నొక్కి పరీక్షించండి. వెనక రాసిన తయారీ తేదీ నుంచి 10 ఏళ్ళు దాటితే పరికరాన్నే మార్పించాలి.

## పురుగులు, ఎలుకలు

ఎంత శుభ్రంగా ఉంచినా బొద్దింకలు తగ్గడం లేదు. మందు ఖర్చు ఎవరిది?

దిగేటప్పటికే ఉన్నాయా, దిగాక వచ్చాయా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే మొదటి వారంలో కనిపిస్తే మొదటి వారంలోనే రాతపూర్వకంగా చెప్పండి. ఇళ్ళలో ఎక్కువగా కనిపించే చిన్న గోధుమరంగు బొద్దింక ఒక్కో గుడ్ల సంచిలో 30 నుంచి 40 గుడ్లు ఉంటాయి, ఆలస్యం చేస్తే అదుపు తప్పుతుంది. చల్లే మందు కంటే చుక్కలుగా పెట్టే జెల్ ఎర మంచి ఫలితం ఇస్తుంది. తిన్న పురుగు గూటికి వెళ్ళి చస్తుంది, మిగతావి దాన్ని తిని చస్తాయి. ఎర పెట్టిన చోట మందు చల్లితే అవి ఎరను ముట్టవు. అపార్ట్‌మెంట్లో మీ ఒక్కరి ఇంటికే మందు వేస్తే పక్కింటి నుంచి మళ్ళీ వస్తాయి. అందరూ ఒకేసారి వేయించేలా యజమానులను ఒప్పించడమే అసలు పని. ఎలుకల విషయంలో ముందు దారులు మూయాలి. ఆరు మిల్లీమీటర్ల సందు చాలు, చుంచెలుక లోపలికి దూరుతుంది.

నల్లులు కనిపించాయి. పరుపు పారేయాలా?

తొందరపడకండి. పరుపు బయటికి మోసే దారిలోనే అవి రాలి వ్యాపిస్తాయి. దుప్పట్లు, బట్టలు సంచిలో మూటకట్టి తీసుకెళ్ళి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతకండి. పరుపుకు జిప్పున్న ముసుగు తొడగండి. యజమానికి దాచకుండా అదే రోజు చెప్పండి. నల్లులు మురికి వల్ల రావు, సామానుతోనూ ప్రయాణాలతోనూ వస్తాయి, సిగ్గుపడవలసిందేమీ లేదు.

## మరమ్మతులు, యజమానితో వ్యవహారం

ఏది నేను చేయించుకోవాలి, ఏది యజమాని చేయించాలి?

ఒప్పందం, స్థానిక చట్టం ఏం చెబుతాయో ముందు చూడాలి. సాధారణంగా పాటించే విభజన ఇలా ఉంటుంది. కట్టడం, పైకప్పు, గోడల్లోని గొట్టాలు, వైరింగు, ఇంటితో ఇచ్చిన పరికరాలు వాటంతటవే పాడవడం యజమాని బాధ్యత. బల్బులు, బ్యాటరీలు, ఏసీ ఫిల్టరు కడగడం, జాలీలు శుభ్రం చేయడం, మీ ఇంట్లోవారో అతిథులో విరగ్గొట్టినవి మీ బాధ్యత. మధ్యలో ఉండేవే తగువు తెస్తాయి. చిన్న లోపాన్ని మీరు చెప్పకుండా వదిలేస్తే, దానివల్ల పెరిగిన నష్టం మీ మీదికి వచ్చే అవకాశం ఉంది. కారుతున్న గొట్టం యజమానిదే కావచ్చు, ఆరు నెలలు నాని పాడైన అలమారా ఖర్చు మాత్రం మిమ్మల్ని అడుగుతారు.

ఎన్నిసార్లు ఫోను చేసినా యజమాని మరమ్మతు చేయించడం లేదు. ఎలా చెబితే పని జరుగుతుంది?

ఫోను మాట గాలిలో పోతుంది, రాసి పంపండి. ఏమైంది, ఎప్పటి నుంచి, చేయకపోతే ఏమవుతుంది, ఎప్పటిలోగా కావాలి, పనివారు ఎప్పుడు రావచ్చు అన్న అయిదూ ఉండాలి. ఉదాహరణకు ఇలా:

"నమస్కారమండీ. 12వ తేదీ నుంచి వంటగది సింకు కింద నీళ్ళు కారుతున్నాయి, ఫొటోలు పంపుతున్నాను. బకెట్ పెట్టాను గాని చెక్క నానుతోంది, కింది ఇంటివారి పైకప్పులోకి దిగుతుందేమోనని భయంగా ఉంది. ఈ శుక్రవారంలోగా ప్లంబర్‌ను పంపగలరా? రోజూ సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లోనే ఉంటాను."

నిందలు, పాత గొడవలు ఇందులో రాయకండి. జవాబు రాకపోతే మొదటి సందేశం తేదీని పేర్కొంటూ మళ్ళీ రాయండి. అప్పటికీ కదలకపోతే స్థానిక అద్దె అధికారులను గాని, అద్దెదారుల సంఘాన్ని గాని, న్యాయ సహాయ కేంద్రాన్ని గాని సంప్రదించండి. అప్పుడు మీ దగ్గరున్న ఈ సందేశాలే ఆధారం.

నేనే చేయించి ఆ డబ్బు అద్దెలోంచి తగ్గించుకోవచ్చా?

ముందు రాతపూర్వక అంగీకారం ఉంటేనే. కొన్నిచోట్ల చట్టం నిర్దిష్ట షరతులతో దీనికి అనుమతిస్తుంది, కొన్నిచోట్ల అద్దె తగ్గించి కడితే బకాయి కిందే లెక్కిస్తారు, ఇల్లు ఖాళీ చేయించడానికి అదే కారణం కావచ్చు. అంగీకారం దొరికాక ఖర్చు అంచనా ముందుగా పంపండి, రసీదు, పాత భాగం రెండూ దాచండి. కోపంతో అద్దె ఆపేయడం మాత్రం మీకే నష్టం.

యజమాని చెప్పకుండా వచ్చి తన తాళంచెవితో తలుపు తీస్తున్నారు. అడగవచ్చా?

తప్పకుండా అడగండి. అద్దె కడుతున్నంతకాలం అది మీ ఇల్లు. నిప్పు, నీళ్ళు వంటి అత్యవసరాలు తప్ప ముందుగా చెప్పి, మీకు వీలైన వేళకు రావడమే పద్ధతి. చాలాచోట్ల చట్టం కూడా అదే చెబుతుంది. "వచ్చే ముందు ఒక రోజు ముందుగా చెప్పండి, నేను ఇంట్లో ఉండేలా చూసుకుంటాను" అని మర్యాదగా రాసి పంపండి.

ఇద్దరం కలిసి అద్దెకు తీసుకున్నాం. స్నేహితుడు వెళ్ళిపోతే అతని వాటా ఎవరు కట్టాలి?

ఇద్దరూ ఒకే ఒప్పందం మీద సంతకం చేస్తే, చాలాచోట్ల మొత్తం అద్దెకు ఇద్దరూ బాధ్యులే. అంటే అతను కట్టకపోతే మిమ్మల్ని అడుగుతారు. అతని పేరు తొలగించి కొత్త ఒప్పందం రాయించుకోండి, డిపాజిట్‌లో అతని వాటా సంగతి అప్పుడే తేల్చుకోండి.

కొన్ని వారాలు ఇల్లు మూసి వెళ్తున్నాం. ఏమేమి చూసుకోవాలి?

నీళ్ళ మెయిన్ వాల్వ్ కట్టేయండి. వాషింగ్ మెషిన్ గొట్టం పగలడం వంటి ప్రమాదాలు మనుషులు లేనప్పుడు ఇల్లంతా ముంచుతాయి. ఫ్రిజ్ తప్ప మిగతా ప్లగ్గులు తీయండి, గ్యాస్ కట్టండి, చెత్త బయట వేయండి. గడ్డకట్టే చలి ఉండే ప్రాంతమైతే గొట్టాల్లో నీరు గడ్డకట్టకుండా యజమానిని అడిగి ఏర్పాటు చేసుకోండి. నమ్మకమైన పొరుగువారి దగ్గర ఒక తాళంచెవి, మీ ఫోను నంబరు ఉండాలి.

## ఖాళీ చేసేటప్పుడు

వాడకం వల్ల వచ్చే అరుగుదలకు, నష్టానికి తేడా ఏమిటి?

జాగ్రత్తగా ఉన్నా కాలం గడిచేకొద్దీ వచ్చేది అరుగుదల. ఎండకు వెలిసిన రంగు, నడిచేచోట మసకబారిన నేల, బల్ల కాళ్ళ కింద తివాచీలో పడ్డ గుంటలు, వదులైన తలుపు పిడి ఇవన్నీ అందులోకి వస్తాయి. అజాగ్రత్త వల్లో ప్రమాదం వల్లో వచ్చేది నష్టం. పగిలిన అద్దం, కాలిన మచ్చ, గోడలో పెద్ద రంధ్రాలు, పెంపుడు జంతువు గీకిన తలుపు దీని కిందికి వస్తాయి. నష్టం మీ వల్లే జరిగినా కొత్త వస్తువు పూర్తి ధర అడగడం న్యాయం కాదు. పదేళ్ళు నిలిచే వస్తువు ఎనిమిదేళ్ళు వాడాక పాడైతే మిగిలిన రెండేళ్ళ విలువ గురించే మాట్లాడాలి. ఈ ఒక్క లెక్కను మర్యాదగా ముందుంచితే చాలా కోతలు సగానికి దిగుతాయి.

మేకుల రంధ్రాలు నేనే పూడ్చాలా?

చిన్నవాటిని పుట్టీతో పూడ్చి, ఆరాక ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దండి. రంగు మాత్రం అదే ఛాయ దొరికితేనే వేయండి. వేరే ఛాయతో వేసిన మచ్చలు రంధ్రాలకంటే ఎక్కువ కనిపించి, గోడంతా మళ్ళీ వేయించే ఖర్చు మీ మీద పడవచ్చు.

చివరి నెల అద్దెను డిపాజిట్‌లోంచి తీసుకోమని చెప్పవచ్చా?

యజమాని రాసి ఒప్పుకుంటే చెప్పవచ్చు. లేకపోతే అది అద్దె ఎగవేతే. కాని డిపాజిట్ తిరిగి రాదేమోనన్న భయం నిజమైనదే. దానికి విరుగుడు చివరి నెల అద్దె ఆపడంలో లేదు, ఖాళీ చేసే రోజుకు రెండు వారాల ముందు యజమానిని ఇంటికి పిలిచి చూపించడంలో ఉంది. ఏవి సరిచేయాలంటారో అప్పుడే రాయించుకుంటే, మీ చేతులతో తక్కువ ఖర్చుతో చేయించుకునే సమయం మీకు ఉంటుంది.

ఖాళీ చేసేశాను, డిపాజిట్‌లో సగం కోశారు. ఇప్పుడేం చేయాలి?

మొదట ఏ పనికి ఎంత అన్న జాబితా, వాటి రసీదులు రాతపూర్వకంగా అడగండి. ఒక్కొక్క అంశానికీ మీ దగ్గరున్న ఆధారం పక్కన పెట్టండి. దిగినప్పటి ఫొటో, ఖాళీ చేసినప్పటి ఫొటో, అప్పట్లో ఆ లోపం గురించి పంపిన సందేశం అన్నీ పనికొస్తాయి. న్యాయమైన కోతలుంటే ఒప్పుకోండి, మిగతావాటి మీద మీ మాటకు బలం పెరుగుతుంది. మిగిలిన మొత్తం ఏ తేదీలోగా కావాలో రాసి పంపండి. రాకపోతే స్థానిక డిపాజిట్ వివాద విభాగానికో, చిన్న మొత్తాల తగాదాలు చూసే కోర్టుకో వెళ్ళవచ్చు. వీటికి గడువులుంటాయి కాబట్టి ఆలస్యం చేయకండి.

తాళాలు ఇచ్చే రోజున చివరిగా చేయవలసినవి ఏమిటి?

ఖాళీ గదులను దిగినప్పుడు తీసిన కోణాల్లోనే మళ్ళీ ఫొటోలు తీయండి. మీటర్ల అంకెలు తీసుకుని కరెంటు, నీళ్ళు, గ్యాస్, ఇంటర్నెట్ ఖాతాలు మీ పేరు నుంచి తీయించండి, లేదంటే తర్వాత వచ్చేవారి వాడకానికి బిల్లు మీకు వస్తుంది. తాళంచెవులు ఎన్ని ఇచ్చారో రాసి సంతకం తీసుకోండి. ఉత్తరాల కోసం కొత్త చిరునామా, డిపాజిట్ పంపడానికి బ్యాంకు వివరాలు యజమానికి రాతపూర్వకంగా ఇవ్వండి.